ఆ ముసలమ్మ అడిగినదానికి మా దగ్గర జవాబు లేదు



ఈ పోస్టు కొంచెం పెద్దదే. చివరిదాకా చదివి, అప్పుడు తిట్టాలనిపిస్తే తిట్టండి. మేము శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న సవర, జాతాపు పిల్లలం. మాలో ఎక్కువమందిమి యేసుప్రభువుని నమ్ముకున్న ఇళ్ల నుంచి వచ్చాం. నమ్మని మనవాళ్లకి సువార్త చెప్పొచ్చా, చెబితే ఎలా చెప్పాలి అన్నదే ఈ పోస్టు.

పోయిన ఎండాకాలం సెలవుల్లో మేము నలుగురం కొండ మీద ఒక గూడేనికి వెళ్లాం. అరుగు మీద ఒక ముసలమ్మ అడ్డాకుల విస్తళ్లు కుడుతూ కూర్చుంది. పక్కన కూర్చుని అరగంట సేపు ప్రభువు గురించి చెప్పాం. ఆమె అంతా విన్నది. తర్వాత సవరలో ఒకే ఒక్క మాట అడిగింది. తెలుగులో చెబితే ఇదీ: "మీ దాంట్లో కలిస్తే, చచ్చిపోయిన మా ముసలాయనతో నన్ను మాట్లాడనిస్తారేటి?"

మాకు నోట మాట రాలేదు. మాలో ఒకడు "అవన్నీ దయ్యాలు మామ్మా" అన్నాడు. ఆమె ఇంకేం అనలేదు, విస్తరి పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది. కొండ దిగేంతవరకు మేము ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు.

సవరల్లో పెద్దవాళ్లకి చనిపోయినోళ్లు అంటే పోయినోళ్లు కాదు. పూనకం వచ్చిన మనిషి నోట వాళ్లు మళ్లీ వచ్చి మాట్లాడతారు. ఎందుకు చనిపోయారో చెబుతారు, అలుగుతారు, తిండి అడుగుతారు, ఇంట్లోవాళ్లు వాళ్లతో ఏడుస్తారు, దెబ్బలాడతారు. పియర్స్ విటెబ్‌స్కీ అనే బ్రిటిష్ పరిశోధకుడు 1970ల నుంచి ఒడిశా సవర ఊళ్లకి వచ్చిపోతూ ఈ మాటల గురించే 1993లో ఒక పుస్తకం రాశాడు. తర్వాత ఆ ఊళ్లలో కుర్రోళ్లు బాప్టిస్టులైపోయి ఈ మాటలు ఆగిపోవడం కూడా చూసి, 2017లో ఇంకో పుస్తకం రాశాడు. దాని పేరు 'లివింగ్ వితౌట్ ద డెడ్'. చనిపోయినవాళ్లు లేకుండా బతకడం అని అర్థం. ఆ ముసలమ్మ ఏ పుస్తకమూ చదవలేదు. కానీ ఆమె అడిగింది సరిగ్గా అదే. ఆమె భర్తని మేము దయ్యం అన్నాం. అది సువార్త కాదు, తిట్టు.

ఇక్కడ రెండు వైపులవాళ్లకీ చెప్పాల్సింది ఉంది.

మొదట, "అసలు మీరు చెప్పకూడదు, అది పరాయి మతం" అనే అన్నలకి. మా ఇళ్లలో కొన్నింట్లో నాన్నలు జీలుగు కల్లు, సారా మానింది ప్రార్థనకి వెళ్లడం మొదలెట్టాకే. మా అమ్మలకి ధైర్యం వచ్చింది అక్కడే. మాకు మేలు చేసినదాని గురించి నోరు మూసుకోమంటే ఎలా? బయట నుంచి వచ్చిందన్నది నిజమే. లండన్ మిషనరీలు విశాఖపట్నంలో దిగింది 1805లో, కెనడా బాప్టిస్టులు మన జిల్లాలకి వచ్చింది ఆ తర్వాత. అయితే ఇప్పుడు గూడేల్లో వేస్తున్న వినాయక చవితి పందిళ్లు కూడా మన తాతలు వేసినవి కావు కదా. దాన్ని ఎవరూ పరాయిది అనడంలేదు.

రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేసుకోవడానికి హక్కు ఇచ్చింది. "క్రైస్తవుడైతే ఎస్టీ సర్టిఫికెట్ పోతాది" అని మనవాళ్లని బెదిరిస్తున్నారు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది, షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో లేదు. మారిన తెగలని జాబితా నుంచి తీసెయ్యాలని కొందరు అడుగుతున్నారు. అడగడం వేరు, చట్టం వేరు. ఈ భయం పెట్టి మనలో మనకి చిచ్చు పెట్టొద్దు.

ఇప్పుడు మా వైపువాళ్లకి, అంటే మాకు మేమే చెప్పుకోవాల్సింది. అదే 25వ అధికరణం మీద 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. ప్రచారం అంటే మన మతంలో ఉన్నదేమిటో చెప్పడం, అంతే. ఎదుటి మనిషిని మార్చే హక్కు అందులో లేదు అంది. ఈ తీర్పు మనకి వ్యతిరేకం అని చాలామంది అంటారు. మాకు అలా అనిపించడంలేదు. మనిషిని మార్చేది దేవుడు అని మనమే కదా చెబుతాం. మరి లెక్కలెందుకు రాసుకుంటున్నాం, ఈ ఊళ్లో ఇన్ని ఇళ్లు, ఆ ఊళ్లో ఇన్ని ఇళ్లు అని?

పౌలు ఏథెన్సు వెళ్లినప్పుడు ఏం చేశాడో అపొస్తలుల కార్యాలు 17వ అధ్యాయంలో ఉంది. ముందు ఊరంతా తిరిగి వాళ్ల బలిపీఠాలు చూశాడు. వాళ్లు పేరు తెలియని దేవుడికి కట్టుకున్న బలిపీఠం దగ్గర నుంచే మాట మొదలెట్టాడు. వాళ్ల కవుల మాటలే తీసుకున్నాడు. మేమైతే మైకు కట్టి తెలుగు పాటలు వేశాం, అంతే.

గిడుగు రామ్మూర్తి గారిని చూడండి. ఆయన మిషనరీ కాదు, పర్లాకిమిడిలో బళ్లో మాస్టారు. సవరలకి చదువు చెప్పాలంటే ముందు తాను సవర నేర్చుకోవాలనుకుని నేర్చుకున్నాడు. ఆ తర్వాతే పుస్తకాలు, బళ్లు, వ్యాకరణం, నిఘంటువు. ఆ కాలంలోనే, 1936లో, మంగెయి గొమాంగో సవరకి సొంత లిపి తయారుచేశాడు. ఆ అక్షరాలనే దైవంగా కొలిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అంటే మనవాళ్లకి దేవుడి గురించి ఆలోచన లేదు, మనమే తీసుకెళ్లాలి అనుకోవడం అబద్ధం. ఖాళీ కుండలో నీళ్లు పోస్తున్నామనుకుని వెళ్లాం. ఆ కుండ నిండే ఉంది.

ఇది తెగేదాకా లాగితే ఏమవుతుందో పక్క రాష్ట్రం చూసింది. 2008 ఆగస్టులో కంధమాల్ కాలిపోయింది. ప్రార్థనా మందిరాలు, ఇళ్లు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు, వేలమంది అడవుల్లో, శిబిరాల్లో తలదాచుకున్నారు. అది మన జాతాపుల చుట్టాలైన కోదుల నేల. మన దగ్గర అంత లేదు. కానీ కందికొత్తల పండక్కి ఒక ఊళ్లో రెండు బంతులు వేస్తున్నారు. చావు ఇంటికి అన్నదమ్ముల్లో ఒకడు వచ్చి గుమ్మం బయటే నిలబడుతున్నాడు. ఇదంతా మేము కళ్లారా చూశాం.

హాస్టల్లోనూ మేము తప్పు చేశాం. తెల్లారకముందే రూములో గట్టిగా ప్రార్థన చేసేవాళ్లం. నమ్మని రూమ్మేటు దుప్పటి ముసుగేసుకుని పడుకునేవాడు. ఏనాడూ ఏమీ అనలేదు కాబట్టి ఇష్టమే అనుకున్నాం. పరీక్షల ముందు వాడు రూము మారిపోయాడు. అప్పుడు తెలిసింది.

అందుకే మేము కొన్ని అనుకున్నాం. ఎవరి దేవతనీ, ఎవరి పెద్దల్నీ దయ్యం అనం. జన్నోడిని, ఎజ్జోడిని వెక్కిరించం. జబ్బు చేసిన ఇంటికి వెళ్తే ముందు ఆసుపత్రికి తీసుకెళ్తాం, ప్రార్థన అడిగితేనే చేస్తాం. గూడెంలో సవరలోనే మాట్లాడతాం, రానివాళ్లం నేర్చుకుంటాం. అడిగినవాళ్లకి మా నమ్మకం దాచకుండా చెబుతాం, సాత్వికంగా చెబుతాం. పేతురు మొదటి పత్రిక చెప్పేది కూడా అదే.

ఈసారి కందికొత్తలకి ఆ గూడెం వెళ్తాం. పూజకి కూర్చోలేం, అది మా మనసాక్షి, ఆ మాట వాళ్లకి ముందే చెబుతాం. కానీ నీళ్లు మోస్తాం, కట్టెలు కొడతాం, అందరితో ఒకే బంతిలో కూర్చుంటాం. ఆ ముసలమ్మ దగ్గరికి వెళ్లి, దయ్యం అన్నందుకు తప్పయిపోయిందని చెబుతాం. ఆమె అడిగినదానికి జవాబు అప్పటికీ మా దగ్గర ఉండకపోవచ్చు. ఆ ముసలాయన ఎలాంటివాడో చెప్పమని అడిగి, ఈసారి మేము వింటాం.