కూచిపూడికి తిరిగి రావలసిన పరిశోధన

కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాల పురుషులు కట్టే స్త్రీవేషాన్ని గూర్చి హర్షిత కామత్ గారు వ్రాసిన ‘ఇంపర్సొనేషన్స్’ అనే ఆంగ్ల గ్రంథాన్ని ఈమధ్య చదివాను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం దానిని 2019లో ప్రచురించింది. ఎవరైనా సరే అంతర్జాలం నుండి పైసా ఖర్చు లేకుండా దించుకొని చదువుకోవచ్చు. ఆ ఔదార్యానికి సంతోషించాను. గాని చదవటం ముగిసేసరికి ఒక సందేహం పట్టుకుంది. ఏ ఊరి వీథి అరుగుల మీద ఈ పరిశోధన సాగిందో, ఆ ఊళ్ళో దీనిని చదవగలిగేవారు ఎందరు?

పొరుగునే ఉన్న మొవ్వది కూడా ఇదే కథ. అది క్షేత్రయ్య ఊరు. ఆయన పదాలను ఎ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గారలు అనువదించి, విపులమైన పీఠికతో 1994లో అదే ముద్రణాలయం ద్వారా వెలువరించారు. మువ్వగోపాలునితో అంత చనువుగా మాట్లాడే ఆ స్త్రీ ఎవరన్న చర్చ అందులో ఉంది. తెలుగు పదాలను గూర్చిన ఆ చర్చ సాగింది మాత్రం ఆంగ్లంలో.

ఉచితం అంటే ధర లేకపోవటం ఒక్కటే కాదని నా అభిప్రాయం. ఒక ఊరిని గూర్చి విశ్వవిద్యాలయాలలో తేలిన సంగతులను ఆ ఊళ్ళోనే, తెలుగులో, ప్రవేశ రుసుము లేకుండా, ప్రశ్నలకు తావిచ్చి చెప్పాలి. అప్పుడే అది నిజంగా ఉచితం.

ఇది కొత్త కోరికేమీ కాదు. 1926లో బెజవాడలో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఇంకా వాల్తేరుకు తరలకముందే, 1928లో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారిచేత అనంతపురంలో వేమనను గూర్చి ఉపన్యాసాలు ఇప్పించింది. మరుసటి ఏడు అవి పుస్తకంగా వచ్చాయి. ఎదుట మనుషులు కూర్చొని వింటున్నారన్న స్పృహ ఆ వచనంలో ఈనాటికీ వినబడుతుంది. ఇక 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి ఊరూరికీ పంపినది మన కృష్ణా కాలువల మీదనే. పుస్తకం పడవెక్కి వచ్చిన చోటికి పండితుడు బస్సెక్కి రాలేడా?

పల్లెటూరివారికి పరిశోధన అర్థం కాదనే వాదం ఒకటుంది. భామాకలాపంలోని శ్లేషలను రాత్రంతా నేలమీద కూర్చొని ఆస్వాదించిన వారిని గూర్చి అనవలసిన మాట కాదది. దానికి ఇంతకన్న జవాబు అక్కరలేదు.

రెండవ అభ్యంతరం గట్టిది. సిద్ధేంద్రయోగి వృత్తాంతాన్నీ, తానీషా అగ్రహారమిచ్చిన కథనూ ఊరు చరిత్రగా చెప్పుకుంటుంది. పరిశోధకులు వాటికి ఆధారాలు అడుగుతారు. కళావంతుల నాట్యానికీ ఈ నాట్యానికీ గల సంబంధమేమిటని అడుగుతారు. తరతరాలుగా రంగస్థలానికి దూరంగా ఉంచబడిన ఆ కుటుంబాల స్త్రీల మాటేమిటని కూడా అడుగుతారు. ఇవి నొప్పించే ప్రశ్నలే. కాని ఒక మనిషిని గూర్చి పరోక్షంలో, అతనికి రాని భాషలో మాట్లాడుకోవటాన్ని మనం మర్యాద అనము గదా! ఊరికి మాత్రం వేరే న్యాయమా? 1958లో ఢిల్లీలో జరిగిన నాట్య సదస్సులో విస్సా అప్పారావు గారు కూచిపూడి పక్షాన ప్రసంగించారు. ఊరిని గూర్చిన వాదం ఊరికి దూరాన జరగటం మనకు ఎప్పటినుండో అలవాటే.

ఎదురుగా చెబితే, పరిశోధకుడు పొరబడ్డచోట దిద్దే అవకాశం ఊరికి దక్కుతుంది. అంతకన్న ముఖ్యంగా, కామత్ గారి పుస్తకం చివరి అధ్యాయం ఆ ఇళ్ళ స్త్రీలను గూర్చినది. తమను గూర్చి వ్రాసినది తమ భాషలో వినే హక్కు, విని ఔననో కాదనో చెప్పే హక్కు, అందరికన్న ముందు వారిది.

కూచిపూడిలో సిద్ధేంద్రయోగి కళాపీఠం ఉంది. బందరులో 2008 నుండి కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. నెలకొక సాయంత్రం చాలు. ముప్పావుగంట ప్రసంగం, అంతసేపూ ప్రశ్నలు, ఉదాహరణకు ఎవరైనా ఒక పదం పాడితే మరీ మంచిది. ఒక మైకు, నాలుగు జంపఖానాలు, వక్తకు దారిఖర్చు ఉంటే సభ జరుగుతుంది.

సత్యభామ ప్రవేశానికి ముందు తెరమీదుగా జడ వేయటం కూచిపూడి సంప్రదాయం. నన్ను ఓడించగల విద్వాంసుడుంటే రమ్మని సభకు విసిరే సవాలు అదని పెద్దలు చెబుతారు. పరిశోధకులు కూడా తమ జడను ఆ సభలోనే, ఆ జనం ఎదుటనే వేయాలి. ఎవరైనా లేచి పట్టుకుంటే పరిశోధనకూ మేలే, ఊరికీ మేలే.

మీ మీ ఊళ్ళను గూర్చి ఏ విశ్వవిద్యాలయంలో ఎవరేమి వ్రాశారో ఒకసారి వెతికి చూడండి. దొరికితే, ఆ సంగతి ముందుగా ఊళ్ళోవారికి చెప్పండి.