నకలు తుపాకి

చిత్తూరునందు మా మిత్రు లొకరి యింట గోడకు తగిలించిన చెకుముకి తుపాకి నొకదానిని ఇటీవల చూచితిమి. ముత్తాతలనాటి దని చెప్పి యెవరో దానిని ఆయన కమ్మిరట. ఇత్తడి మెఱుగును కొయ్య నునుపును చూచి వచ్చినవారెల్ల మెచ్చుకొనుచుండిరి. దానిని పాఠశాల ప్రదర్శనమున చంద్రగిరి రాజుల తుపాకి యని యుంచవలెనని కొందఱి కోరిక. పరిశీలింపగా అది క్రొత్తగా చేసిన నకలని మాకు తెలిసినది. నకలగుట తప్పు గాదు. పూర్వయుద్ధముల నభినయించు విదేశీయులకై యిట్టివి మన దేశమునందును చేయుచున్నారు. కాని నకలునకును మంచి చెడ్డలు గలవు. వానిని మెఱుగు చూచి నిర్ణయింపరాదని మా యభిప్రాయము.

మొట్టమొదట చూడవలసినది రాతిని పట్టియుండు గుఱ్ఱము. దానిని సగము లాగి నిలిపినపుడు మీట నొక్కినను పడరాదు. పూర్తిగ లాగి విడిచినచో రాయి యెదుటి యుక్కురేకును గీఱి, దానిని ముందునకు త్రోసి, రంజకపు పళ్లెములో నిప్పురవ్వలు రాల్పవలెను. ఆ రవ్వలు రాతివి కావు; రాతి యంచున గీఱుకొని లేచిన యుక్కురజను గాలిలో మండుటయే రవ్వ. కావున ఉక్కు పైపొరకు తగిన పదును పెట్టనిచో ఎంత మంచి రాయియు పనికిరాదు. మిత్రుని తుపాకి యిచ్చటనే తప్పినది. పదిమాఱులు విడిచి చూచితిమి. ఒక్క రవ్వయు రాలలేదు, ఉక్కుమీద లోతైన గీఱలు మాత్రము పడినవి. (పళ్లెమునుండి గొట్టములోనికి నిప్పు పోవు రంధ్రము దీనికి తొలువలేదు గనుక ప్రమాదము లేదు. కాల్చదగిన తుపాకికి 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము లైసెన్సు కావలెనని బాలురు మఱువరాదు.)

ఇక కొయ్య. ఇనుమును పొదిగినచోట కాగితమైనను దూరరాదు. ఇందులో గోరు దూరినది. చేతిపట్టు మిక్కిలి లావు. శ్రీకాళహస్తికి చేరువనున్న మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కువా రెవరైన దీనిని చూచినచో, పని ముగియకమునుపే ఉలి దించినారని యందురు.

కాలము సంగతి యింకను ముఖ్యము. ఆంగ్లేయులు చెన్నపట్టణపు తావు సంపాదించిన 1639 నాటికి ఈ సీమలో వాడుకనున్నది వత్తితో ముట్టించు జామగి తుపాకియే. ఈ నకలు గొట్టము 39 అంగుళములు. అది పదునెనిమిదవ శతాబ్ది యుత్తరార్ధమున కుంపిణీ సిపాయిల కిచ్చిన తుపాకి కొలత. చిత్తూరు దగ్గఱ నరసింగరాయనిపేటలో 1782 డిసెంబరు 7వ తేదీన హైదరాలీ మరణించిన నాటి ముచ్చటకు ఇది కొంత సరిపోవును గాని చంద్రగిరి రాజుల చేతిలో పెట్టుట తగదు.

వస్తువు గోడకు వ్రేలాడునదే గదా, ఇంత పరీక్ష యెందుకని కొందఱనిరి. గోడమీదనే యున్నచో మేమును మాటాడకపోదుము. ప్రదర్శనములో నుంచినపుడు దానిని చూచి బాలుడు చరిత్ర నేర్చుకొనును. కనుక దానిని తీసివేయు మనలేదు. గీఱలు పడిన యుక్కు పైకి కనబడునట్లు పెట్టి, "క్రొత్తది, కుంపిణీ తుపాకికి నకలు" అని చీటీ యంటింపు మంటిమి. మిత్రు లొప్పుకొనిరి. అయితే "క్రొత్తది" యను మాటను చిన్న యక్షరములతో వ్రాయుదమనిరి.