నెల తప్పిన వేళ

తెలుగున ‘నెల’ యన్నది చంద్రునకును పేరే, మాసమునకును పేరే. నెలవంకలోను వెన్నెలలోను ఉన్న ఆ నెలయే నెలసరిలోను ఉన్నది. కావుననే కాబోలు, ఆకసమున చంద్రుడు ఏనాడును ఆలస్యము చేయనట్లు స్త్రీ శరీరమును తిథి తప్పక నడచుకొనవలెనని మనవారు తరతరములుగా తలచుచు వచ్చిరి. ఆ క్రమము చెడినప్పుడు చెప్పికొనుటకు భాష మనకొక పలుకుబడి నొసగినది గాని, అందులోనే తీర్పును కూడ ఇమిడ్చినది: ‘నెల తప్పినది’ యనగా గర్భవతి యైనదనియే. ఖరగ్‌పూరు రైల్వే క్వార్టర్లకు కాపురమునకు వచ్చిన కోడలికి నాలుగు దినములు ఆలస్యమైన సంగతి ఏ దారినో పలాసకు చేరును. మఱునాటి ఉదయమే అత్తగారి ఫోను మ్రోగును. “ఏటమ్మా, నీళ్లోసుకున్నావా?” కాదని తెలిసినంతనే ఆ గొంతులోని వాత్సల్యము అనుమానముగా మాఱును. గర్భము కాదన్నచో రోగమే కావలెనా? ఆ రెంటికి నడుమ నున్న విశాలమైన ప్రదేశమును గూర్చియే ఈ సంచికలో నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మనది రైలువారి ఊరు గనుక రైలు భాషలోనే చెప్పుదము. హౌరా నుండి వచ్చు బండి పలాసలో రెండు గంటలు ఆలస్యముగా ఆగినచో, ఆ దోషము సోంపేటకును పలాసకును నడుమ జరిగినది కాదని, వెనుక భద్రకు దగ్గఱనో ఖుర్దారోడ్డు దగ్గఱనో ఎఱ్ఱదీపము పడియుండునని మన ఇండ్లలో పసిపిల్లలకును తెలియును. నెలసరియు అట్టిదే. అండము విడుదలయైన పిదప తరువాతి నెలసరికి పట్టు కాలము రమారమి 14 దినములు, ఒకటి రెండు దినములు అటునిటు. 1924లో జపాను వైద్యుడు క్యూసాకు ఒగినో నిరూపించినది ఈ విషయమునే. మాఱునది ముందు సగము. కనుక గర్భము కానప్పుడు ‘ఆలస్యము’ అనునది చాలమందిలో అండము ఆలస్యముగా విడుదల యగుటయే, లేదా ఆ నెల విడుదల కాకపోవుటయే. సంకేత మిచ్చునది మెదడు అడుగున నున్న హైపోథలామస్. దాని నందుకొని అండాశయములను నడపునది పిట్యూటరీ గ్రంథి. ఆకలి, జ్వరము, దుఃఖము, హఠాత్తుగా చిక్కుట, రాత్రి డ్యూటీలు, ఇవన్నియు మెదడులోని ఆ సిగ్నల్ కేబిన్‌లో ఎఱ్ఱదీపము వెలిగింపగలవు.

1944–45 శీతకాలమున హాలెండులో కఱవు వచ్చినప్పుడు ఎందఱో స్త్రీలకు నెలసరులు నిలిచిపోయి, ఆహారము దొరకిన పిదప మరల వచ్చెను. మన ఉద్దానమున 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుపాను కొబ్బరితోటలను, జీడితోటలను నేల కూల్చినప్పుడు చెట్లను లెక్కించి పరిహారము వ్రాసికొనిపోయిన వారికి ఇట్టి లెక్క యడుగవలెనని తోచదు. తోచినను ఏ ఇల్లాలును చెప్పదు.

ఉద్దానము పేరెత్తగానే మూత్రపిండముల వ్యాధి మనసున మెదలక మానదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతముల ఆ వ్యాధికి మూలకారణము నేటికిని తేలలేదు. 2023 డిసెంబరున పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మాత్రము వెలసినది. మూత్రపిండములు బాగుగా దెబ్బతిన్న స్త్రీలకు నెలసరి తడబడుటయు, డయాలసిస్ దశకు చేరునప్పటికి కొందఱికి పూర్తిగా నిలిచిపోవుటయు వైద్యులెఱిగినదే. రక్తమున నిలువరాని వ్యర్థములు నిలిచి మెదడు సంకేతములను చెఱచును; కిడ్నీ వడబోయవలసిన ప్రొలాక్టిన్ అను హార్మోను పేరుకొని అండము విడుదలను అడ్డగించును. ఐతే, ఎనిమిది దినములు ఆలస్యమైనంతనే క్రియాటినిన్ పరీక్షకు పరుగెత్తనక్కఱలేదు. ఆ స్థితి వచ్చునప్పటికి శరీరము వేఱు గుర్తులను చూపకపోదు. ఇంకొక మాట: మూత్రపిండ మార్పిడి జరిగిన పిదప పలువురికి కొన్ని మాసములలో నెలసరి మరల వచ్చును, అది రాకమునుపే గర్భము నిలువవచ్చునని ఆ ఇండ్లలో చెప్పువారు తక్కువ.

మాత్రల కథ వేఱు. పెండ్లికో, అరసవల్లి రథసప్తమికో అడ్డు రాకూడదని మందుల షాపులో అడిగి తెచ్చుకొను వాయిదా మాత్రలు మానిన రెండు మూడు దినములకు స్రావము రావలెను. రానిచో పరీక్ష చేయించుకొనవలెను. (దేవునికి లేని అభ్యంతరమునకు దేహమును వాయిదా వేయుట మాకు సమ్మతము కాదు, ఆ వాదము మఱియొక సంచికలో.) ప్రభుత్వమువారు మూడు నెలల కొకసారి వేయు ‘అంతర’ ఇంజెక్షనుతో నెలసరి నిలుచుట సాధారణము. థైరాయిడ్ మందగించుట, ఇప్పుడు ప్రతి ఇంట వినవచ్చు పీసీఓడీ, చంటిబిడ్డకు పాలిచ్చుట, ఇవియు కారణములే. పెద్దమనిషియైన తొలి రెండు మూడేండ్లు 45 దినముల వఱకు వ్యవధి యుండవచ్చును. ముట్లుడుగు వయసు సమీపించినప్పుడును అట్టి తడబాటే.

ఐనను మొదట అడుగవలసినది అత్తగారి ప్రశ్నయే, స్వరము మాత్రమే వేఱు కావలెను. పలాస జీడి బట్టీలలో పిక్కలు కొట్టు పడుచుకైనను, ఇచ్చట ఆఫీసుకు పోవు కోడలికైనను వారము దాటినచో మూత్రపరీక్ష సులభము. ఊళ్లలో ఆశా కార్యకర్త వద్ద ‘నిశ్చయ్’ కిట్టు దొరకును. నెల తప్పిన పిదప పొత్తికడుపున ఒక ప్రక్క తీవ్రమైన నొప్పి, కండ్లు తిరుగుట కలిగినచో గర్భము గర్భసంచి వెలుపల నిలిచినదేమో యని అనుమానించి ఆ గడియలోనే ఆసుపత్రికి పోవలెను, టెక్కలియైనను సరే, ఏది దగ్గఱైన నది. పరీక్షలో గర్భము లేదని తేలి, మూడు మాసములు వరుసగా రానప్పుడు వైద్యురాలిని కలియవలెను. ఆమె మొదట అడుగునది వెనుకటి నెలల తేదీలనే, అవి ఎవరికిని గుర్తుండవు.

వెనుకటి ఇల్లాండ్రు గోడ క్యాలెండరుపై పెన్సిలుతో ఒక చుక్క పెట్టుకొనెడివారు. మామగారు చూచి పాలలెక్క యని భ్రమపడెడివారు. ఈ సంచికతో పంపుచున్న మన సంఘము క్యాలెండరున ఈ యేడు ప్రకటనలు తగ్గించి, తేదీల గళ్లను కొంచెము పెద్దవిగా అచ్చొత్తించితిమి.