మనం చెప్పకపోతే గోడలు చెబుతాయి

నర్సింగ్ సూపరింటెండెంట్ కలం నుండి



"అడగందే అమ్మయినా పెట్టదు" అని మన సామెత. ఒక్క విషయంలో మాత్రం అడిగినా అమ్మ పెట్టదు, నాన్న అసలే పెట్టడు. పైగా "ఛీ, అవేం మాటలు? పోయి చదువుకో" అని కసురుతారు. ఆ విషయమేమిటో మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. ఈసారి దాని గురించే నాలుగు మాటలు రాస్తున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా వార్డుల్లో తిరిగినదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని. ఆ చనువుతో చెబుతున్నాను, తప్పుగా అనుకోవద్దు.

కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి ఇంటర్మీడియట్ చదివే కుర్రవాడిని క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. వాంతులు, నీరసం, ఒళ్ళంతా చెమటలు. ఏం తిన్నావంటే నోరు విప్పడు. తల్లి పక్కనే నిలబడి ఏడుస్తోంది. సెలైన్ పెట్టించి, ఆమెను టీ తాగి రమ్మని పంపి, కర్టెన్ లాగి నేనే పక్కన కూర్చున్నాను. అప్పుడు జేబులోంచి ఒక పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. ఏదో నల్లటి చూర్ణం. నాంపల్లి స్టేషను వైపు ఒక లాడ్జి గదిలో అప్పుడప్పుడు వచ్చి కూర్చునే "వైద్యుడు" ఇచ్చాడట. గోడ మీద పోస్టరు చూసి వెళ్ళాడట. ఇంతకీ జబ్బేమిటయ్యా అంటే, రాత్రి నిద్రలో బట్టలు తడుస్తున్నాయట. "నరాల బలహీనత, ఇలాగే వదిలేస్తే పెళ్ళికి పనికిరావు" అని ఆ మనిషి భయపెట్టి, కాలేజీ ఫీజు కోసం ఇంట్లో ఇచ్చిన డబ్బంతా తీసుకున్నాడు.

ఆ పిల్లవాడికి అసలు ఏ జబ్బూ లేదు. ఎదిగే వయసులో మగపిల్లలకు నిద్రలో వీర్యం పోవడం ప్రకృతి సహజం. ఆడపిల్లకు నెలసరి ఎంత సహజమో ఇదీ అంతే. దానివల్ల బలం తగ్గదు, చూపు మందగించదు, పెళ్ళికి అడ్డం రాదు. ఒక చుక్క వీర్యానికి నలభై చుక్కల రక్తం ఖర్చవుతుందని ఊరంతా చెప్పుకునే మాటకు నేటి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. ఈ ముక్కలు చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. అంతా విని ఆ అబ్బాయి "ఇంతేనా సిస్టర్?" అన్నాడు. ఆరు నెలలుగా సరిగా నిద్రపోలేదట. ఆ "ఇంతేనా" అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. ఆ ఐదు నిమిషాలు ఇంట్లో తండ్రి ఇవ్వలేదు, బడిలో మాస్టారు ఇవ్వలేదు. గోడ మీది పోస్టరు మాత్రం ఇచ్చింది.

బ్యానరు కడతాం, మాట చెప్పం

ఇక ఆడపిల్లల సంగతి. మన తెలుగువాళ్ళలో పిల్ల పెద్దమనిషి అయితే అదొక పండుగ. సమర్త అన్నా, పుష్పవతి అన్నా, ఓణీల ఫంక్షన్ అన్నా, పేరు ఏదైతేనేం, ఫంక్షన్ హాలు, వీడియో, విందు అన్నీ ఉంటాయి. వీధి మొదట్లో పిల్ల ఫోటోతో ఫ్లెక్సీ బ్యానరు కూడా కడతారు. పన్నెండేళ్ళ పిల్ల శరీరంలో వచ్చిన మార్పు బస్తీ అందరికీ తెలుస్తుంది. ఆ మార్పు ఏమిటో ఆ పిల్లకు మాత్రం ఎవరూ చెప్పరు. "అక్కడ కూర్చో, ఇది ముట్టుకోకు, మగపిల్లలతో మాట్లాడకు" అని మూడు ఆజ్ఞలు మాత్రం జారీ చేస్తారు.

ఓ.పి.కి వచ్చే తల్లులను నేను అడుగుతుంటాను, "అమ్మాయికి ముందే చెప్పారా?" అని. "ఏం జెప్పాలె సిస్టరమ్మా, మాకెవరు జెప్పిన్రు?" అని నవ్వేస్తారు. ఆ నవ్వు వెనుక సిగ్గు ఉంది, తాము పడ్డ భయమూ ఉంది. మొదటిసారి రక్తం చూసి లోపల ఏదో పుండు పడిందని, క్యాన్సర్ వచ్చిందని భయపడి రోజుల తరబడి దాచుకున్న పిల్లలను నేను చూశాను.

వాళ్ళను అనడమెందుకు, నా సంగతే చెబుతాను. స్టూడెంట్ నర్సులకు చార్టు పెట్టి గర్భాశయం, అండాశయం, అన్నీ కర్రతో చూపించి పాఠం చెప్పినదాన్ని. మా అమ్మాయికి మాత్రం "ఇంకా చిన్నది, తర్వాత చూద్దాం" అనుకుంటూ దాటవేశాను. దానికి క్లాసులో పక్క బెంచీ పిల్ల చెప్పింది, సగం తప్పులతో. ఆ రోజు ఇంటికొచ్చి "మమ్మీ, నువ్వు నర్సువి కదా, నాకెందుకు చెప్పలేదు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. చదువు లేక కాదు, నోరు రాక. కాబట్టి ఈ రోగం చదువురాని వాళ్ళదే అని ఎవరూ అనుకోవద్దు.

చెబితే చెడిపోతారా?

"లేనిపోనివి చెబితే పిల్లలు చెడిపోతారు" అన్నది మనలో చాలామంది అభిప్రాయం. ఇది మన ఇళ్ళకే పరిమితం కాలేదు, పార్లమెంటు దాకా వెళ్ళింది. కేంద్ర మానవ వనరుల శాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి 2005లో బడిపిల్లల కోసం కౌమార విద్యా కార్యక్రమం తెచ్చాయి. 2007 నాటికి మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్, గుజరాత్ వంటి రాష్ట్రాలు దాన్ని వద్దన్నాయి. ఉపాధ్యాయులకు ఇచ్చిన పుస్తకాల్లోని బొమ్మలు మరీ బాహాటంగా ఉన్నాయని గొడవ జరిగింది. మన తెలుగువారే అయిన ఎం. వెంకయ్యనాయుడు గారి అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ ఈ విషయం పరిశీలించి, బడుల్లో లైంగిక విద్య ఉండకూడదని 2009లో నివేదిక ఇచ్చింది.

పెద్దల ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోను. బొమ్మలు వయసుకు తగినట్టు లేకపోతే మార్చవలసిందే. బొమ్మలు బాగా లేవని పాఠమే తీసేయడం మాత్రం మందు చేదుగా ఉందని వైద్యమే మానేయడం లాంటిది. యునెస్కో 2009లో లైంగిక విద్యపై మార్గదర్శకాలు వెలువరించి, 2018లో వాటిని సవరించింది. అనేక దేశాల అధ్యయనాలను పరిశీలించి వారు తేల్చినదేమిటంటే, సరైన లైంగిక విద్య వల్ల పిల్లల్లో తొందరపాటు పెరగదు.

ఇంకొక మాట. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20 నుండి 24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకముందే పెళ్ళి అయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. సర్వే నాటికి 15 నుండి 19 ఏళ్ళ వయసులోనే తల్లులైన వారు లేదా గర్భవతులు ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం, తెలంగాణలో 5.8 శాతం. అంటే పెళ్ళికి వయసు వచ్చిందంటున్నాం, కాన్పుకు వయసు వచ్చిందంటున్నాం. పాఠానికి మాత్రం ఇంకా వయసు రాలేదంటున్నాం. ఇదెక్కడి న్యాయం?

మాట తెలియని బిడ్డ ఎలా చెబుతుంది?

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇది. కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 2007లో బాలలపై అత్యాచారాల గురించి పెద్ద అధ్యయనం ప్రకటించింది. మన రాష్ట్రంతో కలిపి 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పినవారు 53.22 శాతం. వారిలో మగపిల్లలూ ఉన్నారు. వేధించిన వారిలో సగం మంది ఆ బిడ్డకు తెలిసినవారు, నమ్మకస్తులు. ఎక్కువమంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పనేలేదు.

ఎందుకు చెప్పలేదు? శరీరంలో ఆ భాగానికి మనం పేరే నేర్పలేదు. నేర్పిందల్లా "షేమ్ షేమ్" ఒక్కటే. సిగ్గుపడాల్సిన చోట దెబ్బ తగిలితే బిడ్డ తానే తప్పు చేశాననుకుంటుంది. అందుకే ఆసుపత్రికి వచ్చి "కడుపు నొప్పి" అంటుంది. కడుపు నొప్పి అన్న ప్రతి పిల్లకూ గ్యాసు మాత్ర ఇచ్చి పంపకండి, ఒంటరిగా కూర్చోబెట్టి మెల్లగా అడగండి అని మా సిస్టర్లకు నేను చెబుతూ ఉంటాను.

2012లో పోక్సో చట్టం వచ్చింది. 18 ఏళ్ళలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం ప్రతి ఒక్కరి బాధ్యత. ఆసుపత్రి వారికీ, బడి వారికీ మినహాయింపు లేదు. మన నాంపల్లికి దగ్గరలోనే హాకా భవన్‌లో 2016లో పోలీసువారు భరోసా కేంద్రం ప్రారంభించారు. వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సహాయం ఒక్కచోట దొరకాలని, బిడ్డ అదే కథను పదిచోట్ల చెప్పుకోనక్కరలేకుండా ఉండాలని దాని ఉద్దేశం. చట్టం ఉంది, కేంద్రం ఉంది, పిల్లల కోసం 1098 నంబరు ఉంది. కాని బిడ్డ నోటినుండి మొదటి మాట రాకపోతే ఇవన్నీ ఏం చేయగలవు?

సుప్రీంకోర్టు కూడా 2024 సెప్టెంబరులో పిల్లల అశ్లీల చిత్రాల కేసు తీర్పులో సమగ్ర లైంగిక విద్య అవసరమని చెప్పింది. 2025 అక్టోబరులో మరో కేసులో, తొమ్మిదో తరగతి దాకా ఆగకుండా చిన్న వయసు నుండే చెప్పాలని అభిప్రాయపడింది.

ఇది మన సంస్కృతి కాదా?

మన సంస్కృతిలో ఇలాంటి మాటలు లేవు అంటారు. ఒకప్పుడు కాన్పు మాట కూడా గదిలోపలి మాటే. ఆసుపత్రిలో కాన్పు అంటే పరువు తక్కువ. రెడ్ హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి ఎందుకు వచ్చింది? తన పరిచారిక కాన్పులో చనిపోవడం చూసి యువరాణి నీలోఫర్ కదిలిపోయారు. 1953లో ఆసుపత్రి తెరిచారు. ఈ రోజు అక్కడికి వెళ్ళడానికి సిగ్గుపడే తల్లి లేదు. సిగ్గు అనేది కాలంతో మారుతుంది, ప్రాణం మాత్రం పోతే రాదు.

విజయవాడ డాక్టర్ జి. సమరం గారు దశాబ్దాలుగా తెలుగు వారపత్రికలోనూ, పుస్తకాల్లోనూ ఇలాంటి సందేహాలకు జవాబులు రాశారు. మా నర్సింగ్ హాస్టల్లో ఆ పేజీ చిరిగిపోయేదాకా చేతులు మారేది, పైన పాఠ్యపుస్తకం పెట్టుకుని. జనానికి ఆ దాహం అప్పుడూ ఉంది. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాల మధ్య రంగురంగుల అట్టల చిన్న పుస్తకాలు దొంగచాటుగా కొనుక్కున్న అబ్బాయిలు ఇప్పుడు తండ్రులయ్యారు. వాళ్ళ పిల్లలకు ఫుట్‌పాత్ దాకా వెళ్ళే పని లేదు. అంతకంటే ఘోరమైనది జేబులోని ఫోన్‌లోనే ఉంది. కాబట్టి పిల్లలకు తెలియాలా వద్దా అన్నది ఇప్పుడు ప్రశ్న కాదు. ఎవరి నోట తెలియాలి అన్నదే ప్రశ్న.

ఏ వయసులో ఏమి చెప్పాలి?

1. ఐదేళ్ళలోపు: శరీర భాగాలన్నిటికీ సరైన పేర్లు చెప్పండి. లోదుస్తులు కప్పే చోటును ఇతరులు తాకకూడదని, స్నానం చేయించే అమ్మ, అమ్మ ఎదుట పరీక్ష చేసే డాక్టరు తప్ప అని చెప్పండి. ఎవరైనా "అమ్మకు చెప్పొద్దు" అంటే అదే మొదట అమ్మకు చెప్పాలని నేర్పండి.

2. ఎనిమిది, తొమ్మిదేళ్ళకు: కొందరికి పదేళ్ళకే నెలసరి వస్తుంది. రాకముందే అమ్మాయికి చెప్పండి. ప్యాడ్ ఎలా వాడాలో చూపించి, నాలుగు నుండి ఆరు గంటలకొకసారి మార్చాలని చెప్పండి. ఇంట్లో అబ్బాయి ఉంటే అతనికీ చెప్పండి, అక్కను ఎగతాళి చేయకుండా ఉంటాడు.

3. పదకొండు నుండి పద్నాలుగు: అబ్బాయికి గొంతు మారడం, నిద్రలో వీర్యం పోవడం సహజమని తండ్రి చెప్పాలి. తండ్రి చెప్పలేకపోతే మేనమామ అయినా, డాక్టరు అయినా సరే.

4. పదిహేను దాటాక: గర్భం ఎలా వస్తుంది, హెచ్.ఐ.వి. వంటి వ్యాధులు ఎలా వస్తాయి, ఎదుటి మనిషి వద్దంటే ఆగాలన్న మర్యాద, చట్టం ఏమంటుంది, ఎవరడిగినా ఫోటోలు ఎందుకు పంపకూడదు, ఇవన్నీ దాపరికం లేకుండా చెప్పండి.

ఒక్కరోజే కూర్చోబెట్టి అంతా చెప్పనక్కరలేదు. అడిగినప్పుడు, అడిగినంత మేరకు, అబద్ధం లేకుండా చెబితే చాలు. తెలియకపోతే "కనుక్కుని చెబుతాను" అనండి, అన్నాక తప్పక కనుక్కోండి.

బడుల్లో కూడా ఈ పని జరగాలి. 2020 ఫిబ్రవరిలో ప్రారంభమైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు, వీలైతే ఒక మాస్టారు, ఒక టీచరమ్మ, ఈ పాఠాల కోసం శిక్షణ పొందాలి. ఆబిడ్స్, గన్‌ఫౌండ్రీ, చిరాగ్ అలీ లేన్ చుట్టుపక్కల బడులకు కొదవ లేదు. పేరెంట్స్ మీటింగులో మార్కుల గురించి అడిగినట్టే మీ బడిలో ఆ ఇద్దరు ఎవరో అడగండి.

చివరగా మా వాళ్ళకు, అంటే నర్సులకు, ఒక మాట. పెళ్ళికాని పిల్ల తెల్లబట్ట అవుతోందని వస్తే మనం పైనుంచి కిందికి చూస్తాం. అబ్బాయి సిగ్గుపడుతూ ఏదో చెప్పబోతే మనలో మనం నవ్వుకుంటాం. ఆ ఒక్క చూపు చాలు, ఆ బిడ్డ మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కదు. లాడ్జి గదికే వెళుతుంది. ఆ నల్లటి చూర్ణం అమ్మినవాడు పిల్లవాడిని మోసం చేశాడు, నిజమే. కాని వాడు ఆ పిల్లవాడిని చూసి నవ్వలేదు, తలుపు వేసి చెప్పింది విన్నాడు. ఆ పని మనం చేస్తే వాడి దగ్గరకు ఎవరు వెళతారు?

ఈ పత్రిక చదివాక దాచిపెట్టకండి. మీ ఇంట్లో పిల్లలకు కనబడేచోట పెట్టండి. వాళ్ళు ఏదైనా అడిగితే ఈసారి మాత్రం కసరకండి.