సబ్జెక్టు

ఆంగ్లభాషనుండి మన యిండ్లలోనికి చనువుగా వచ్చి కూర్చున్న మాటలలో 'సబ్జెక్టు' ఒకటి. పరీక్షాఫలితములు తెలిసిన దినమున పిల్లవాడు ఎన్ని సబ్జెక్టులలో గట్టెక్కెనో యని తలిదండ్రులు లెక్కించుచుందురు. అచ్చట నది పాఠ్యాంశము. సభలో చర్చింపబడు విషయము. వ్యాకరణమున కర్త. వైద్యమున ప్రయోగమునకు లోనగు మనుష్యుడు. ఒకప్పటి ఇంగ్లండు శస్త్రవైద్యులు కోయుటకై తెప్పించుకొన్న శవమును గూడ నీ పేరనే పిలిచిరి. రాజ్యతంత్రమున నిది ప్రభువునకు లోబడిన ప్రజ.

పని చేయువానికిని, పడియుండువానికిని ఒక్కటే పేరగుట వింతయే. లాటినుమూలమున దీనికి 'క్రింద వేయబడినది' యని యర్థము. వాక్యమునకు క్రింద ఆధారమై నిలుచుదానిని వైయాకరణులు కర్త యనిరి. సింహాసనము క్రింద నుండువానిని రాజులు ప్రజ యనిరి. మాకు బనిగలది యీ కడపటి యర్థముతోనే.

1858 నవంబరు 1వ తేదీ ప్రకటనలో విక్టోరియా రాణి, జాతిమతభేదము లేక తన ప్రజలను అర్హతనుబట్టి ఉద్యోగములలో చేర్చుకొందునని వాగ్దానము చేసెను. నేటాలులో గాంధీగారును తోడి భారతీయులును 'మేమును బ్రిటిషు సబ్జెక్టులమే' యని యా ప్రకటననే ముందుంచి హక్కులడిగిరి. నేటాలు శాసనసభ 1896లో భారతీయుల పేరెత్తకయే, వారు క్రొత్తగా వోటు పొందు దారిని మూసివైచెను. లండనులోని యాంగ్లేయుడును సబ్జెక్టే. కాని వాడు తన పాలకులను తానెన్నుకొనువాడు.

తెలుగువారి సంగతి మఱియు చిత్రము. బెజవాడలోని తెలుగువాడు బ్రిటిషు సబ్జెక్టు. కొన్ని గంటల రైలు ప్రయాణము దూరమున ఓరుగల్లులో నా భాషనే మాటాడు తెలుగువాడు నిజాము ప్రజ. ఆంగ్లేయుల లెక్కలో వాడు రక్షణ పొందువాడు మాత్రమే.

1919 శాసనమువలన వచ్చిన ద్వంద్వప్రభుత్వమున ఆ మాట వేఱొక వేషము వేసెను. పరిపాలనాంశములను 'సబ్జెక్టు'లని పేర్కొని రెండుగా జీల్చిరి. చెన్నపురిలో 1920లో పానగల్లు రాజాగారును, కూర్మా వెంకటరెడ్డినాయుడుగారును మంత్రులైరి. విద్య, ప్రజారోగ్యము, స్థానిక స్వపరిపాలనము మంత్రుల వంతు. పోలీసు, భూమిశిస్తు గవర్నరు వంతు. సబ్జెక్టులు కొన్ని మన చేతికి వచ్చెను. సబ్జెక్టులుగనే మనము మిగిలితిమి.

పౌరసత్వమునుగూర్చిన 5 మొదలు 9 వఱకుగల అధికరణములు, రాజ్యాంగము పూర్తిగా అమలునకు రాకమునుపే, 1949 నవంబరు 26వ తేదీననే అమలులోనికి వచ్చెను. మొదట మనమెవరమో తేల్చుకొని, పిమ్మట తక్కిన ఏర్పాటులు చేసికొంటిమన్నమాట. అదే రాజ్యాంగమున 25వ అధికరణము 'లోబడి' యను మాటతోనే మొదలగుచున్నది. అందు మాకు ఆక్షేపణ లేదు. చట్టమునకు లోబడుట వేఱు, మనుష్యునకు లోబడుట వేఱు.

మన మాటలును నిర్దోషములు కావు. 'ప్రజ' యనగా సంస్కృతమున సంతానము. పాలకుడు తండ్రియనియు, మనము బిడ్డలమనియు నందులో నిమిడియున్నది. 'రైతు' అరబ్బీనుండి వచ్చినది. దాని మొదటి యర్థము కాపరి క్రిందనుండు మంద. 'పౌరుడు' పురమున నుండువాడు. పల్లెవాని నే పేర పిలువవలెనో పండితులే చెప్పవలెను.

పేరు మాఱినను నడవడి మాఱలేదు. పింఛనుకొఱకు తహసీలుదారు కచేరీలో చేతులు కట్టుకొని నిలుచు ముసలమ్మ 'దయ చూడుడు బాబూ' యనుచున్నది. కుర్చీలోనివాడు దయ చూపుచున్నాడు. అధికారులను తప్పుపట్టి ఫలమేమి? ప్రభుత్వము పన్నుల సొమ్ములో కొంత వెచ్చింపనెంచిన మఱునాడు 'వరాల జల్లు' అని పెద్దయక్షరములతో నచ్చువేయునవి మన పత్రికలే. వరమిచ్చువాడు దేవుడు, పుచ్చుకొనువాడు భక్తుడు. ఇందు పౌరుడెక్కడ? సర్కారు ఉత్తరువులకు ఆ మాటను మా శీర్షికలలో మేము వాడము. సోదరపత్రికలును విడిచిపెట్టవలెనని కోరుచున్నాము.