ఓట్స్ నచ్చకపోవడం జబ్బు కాదు

మధుమేహమో, రక్తపోటో, కొలెస్టరాలో ఉన్నదని తేలిన ప్రతి మనిషి చేతికీ ఈ మధ్య ఒక అచ్చు కాగితం వస్తున్నది. అందులో మొదటి వరుస ఎప్పుడూ ఒకటే: ‘ఉదయం ఓట్స్’. బెంగళూరులో కంప్యూటరు ముందు కూర్చునే యువకునికీ అదే కాగితం, ధర్మవరంలో పొద్దస్తమానం మగ్గం గుంటలో కాళ్లాడించే నేతగానికీ అదే కాగితం, మా కనగానపల్లిలో తెల్లవారకముందే చేనికి పోయే రైతుకూ అదే కాగితం. దీనిని వైద్యసలహాగా నేను అంగీకరించను. రోగి ఏమి తింటాడు, ఏ వేళకు తింటాడు, తిన్న తరువాత ఏ పని చేస్తాడు అని ఒక్క మాటైనా అడగకుండా ఇచ్చేది సలహా ఎట్లా అవుతుంది?

ఓట్స్ మీద నాకు కక్ష ఏమీ లేదు. వాటిలో బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు ఉన్నది. అది పేగులో జిగురుగా మారి పిత్తరసాన్ని పట్టుకొని బయటకు పంపుతుంది. ఆ లోటు పూడ్చుకొనడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాలును వాడుకొంటుంది. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ అందితే చెడు కొలెస్టరాలు కొంత తగ్గుతుందని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లోనే అంగీకరించింది. ఇది నిజం. అయితే ఆ 3 గ్రాముల కోసం సుమారు 75 గ్రాముల పొడి ఓట్స్, అంటే ఉడికిన తరువాత పెద్ద గిన్నెడు, ప్రతిరోజూ తినాలి. కాగితం ఇచ్చేవారు ఈ మాట చెప్పరు. రోగి మొహం చిట్లించుకొని రెండు చెంచాలు మింగి, ఓట్స్ తిన్నానన్న తృప్తితో పదకొండు గంటలకు హోటలులో పూరీ తింటాడు.

పైగా అంగడిలో అమ్ముడయ్యే ఓట్స్ అన్నీ ఒకటి కావు. మందంగా అణచిన అటుకుల వంటి ఓట్స్‌కు గ్లైసీమిక్ సూచిక 55 దరిదాపుల్లో ఉంటుంది. రెండు నిమిషాల్లో సిద్ధమయ్యే పొట్లాలలోని ఓట్స్‌కు అది 80 దరిదాపులకు చేరుతుంది. మసాలా పొట్లాలలో ఉప్పు కూడా దండిగా ఉంటుంది. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచుండగా, రక్తపోటు రోగికి ఆ పొట్లం చేతికిచ్చి ‘ఆరోగ్యం’ అనడం ఏ శాస్త్రమో నాకు తెలియదు.

ఇక రుచి సంగతి. ‘గంజి మాదిరి జారుతుంది సార్, నోట్లో నిలవదు’ అంటారు మా ఊరివారు. దీనిని మొండితనమని కసురుకొనే వైద్యులను చూశాను. ముద్ద చేసి, కారం అద్దుకొని, పండ్లకు పని చెప్పి తినే అలవాటు తరతరాలుగా ఉన్నవారికి తియ్యని జావ వంటి పదార్థం ఆహారమనిపించకపోవడంలో వింత ఏమున్నది? ఇష్టం లేని ఆహారం పది రోజులు సాగవచ్చును, పది సంవత్సరాలు సాగదు. మధుమేహం మాత్రం పదేళ్లు కాదు, జీవితాంతం ఉంటుంది.

నన్ను ఈ వ్యాసానికి పురికొల్పినది రుచి కూడా కాదు, అంతకంటె తీవ్రమైన విషయం. మధుమేహానికి గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వేసుకొనే రైతులు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. ఈ మాత్ర కడుపులో అన్నం ఉన్నదా లేదా అని చూడదు. ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. ఉదయం మాత్ర వేసుకొని, ఓట్స్ నచ్చక గిన్నె పక్కకు తోసి, ఎండలో కలుపు తీయడానికి పోయిన మనిషికి పది గంటల వేళకు చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడి, చివరకు స్పృహ తప్పుతుంది. ఎండదెబ్బ అనుకొని గట్టు మీద నీడన పడుకోబెట్టి విసురుతారు. అతనికి కావలసినది విసనకర్ర కాదు, చక్కెర. స్పృహ ఉన్నంతవరకు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. ఇటువంటివారిని నేను ఉద్యోగకాలంలోనూ చూశాను, ఇప్పుడు మా ఇంటి అరుగు మీదా చూస్తున్నాను. అందుకే, తినలేని ఆహారాన్ని రాసి ఇవ్వడం నిరపాయకరమైన పని కాదంటున్నాను.

మరి ఓట్స్ వద్దంటే ఏమి తినాలి? సమాధానం మన చేలల్లోనే ఉన్నది, లేక ఒకప్పుడు ఉండేది. సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ సీమలో కొర్రలు, జొన్నలు, రాగులు, సజ్జలు, ఆరికలు, వాటి సాళ్ల మధ్య కందులు, అలసందలు, ఆ తరువాత ఉలవలు పండేవి. క్రమంగా చెనిక్కాయ ఆ భూములన్నిటినీ ఆక్రమించింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చి పళ్లెంలోని సంగటి స్థానాన్ని అన్నం తీసుకొన్నది. ఆ పథకాన్ని నిందించేవారితో నేను ఏకీభవించను. ఆకలి చూసినవారెవరూ నిందించలేరు. కాని కడుపు నిండిన తరువాతనైనా పాత గింజలను వెనుకకు పిలువవలసింది. మనం పిలిచింది ఓట్స్‌ను! ఉత్తర భారతదేశంలో ప్రధానంగా పశువుల మేతకు పండించే పైరు అది. మనం పొట్లాలలో కొనే ఓట్స్‌లో చాలా భాగం ఆస్ట్రేలియా వంటి దేశాల నుండి ఓడలలో వస్తున్నది.

పోలిక చూడండి. నూరు గ్రాముల ఓట్స్‌లో పీచు సుమారు 10 గ్రాములు. జొన్నలలోనూ, రాగులలోనూ అంతే, 10 నుండి 11 గ్రాములు. పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాములకు లోపే. రాగులలో కాల్షియం 350 మిల్లీగ్రాముల దాకా ఉన్నది, పాలకు సుమారు మూడింతలు. కొర్రలలో మాంసకృత్తులు 12 గ్రాములు. ఓట్స్‌కు దగ్గర దగ్గర.

‘రాగులలో బీటా గ్లూకాన్ అంతగా లేదు కదా’ అని ఎవరైనా అడిగితే, న్యాయమైన ప్రశ్నే. ఆ పని చేసేవి మన గుగ్గిళ్లు. 2014లో కెనడా పరిశోధకులు 26 ప్రయోగాల ఫలితాలను కలిపి పరిశీలించి, రోజుకు 130 గ్రాముల ఉడికిన పప్పుధాన్యాలు, అంటే ముప్పావు కప్పు, తినేవారిలో చెడు కొలెస్టరాలు సుమారు 5 శాతం తగ్గుతుందని చూపారు. గిన్నెడు ఓట్స్ చేసే మేలు కూడా ఇంచుమించు ఇంతే. ఆ ముప్పావు కప్పు ఉలవలో, అలసందలో, శనగలో రాత్రి నానవేసి, ఉదయం ఉడికించి, చెంచాడు నూనెలో ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు వేసి తిరగమోత పెట్టి, పైన ఉల్లిపాయ ముక్కలు చల్లుకొంటే అయిపోయింది. చలికాలంలో అనపగింజలు వచ్చినప్పుడు హిందూపురం వైపు వారికి నేను చెప్పవలసిన పనే లేదు. దేవుని ప్రసాదంగా తప్ప గుగ్గిళ్లను ముట్టని ఇళ్లు పెరిగిపోవడం నా దృష్టిలో ఓట్స్ కొనకపోవడం కంటె పెద్ద నష్టం.

చేనికి పోయేవారికి గుగ్గిళ్లు చాలవు. వారికి రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర పప్పు, కొంచెం ఊరిబిండి. లేదా రాగిసంగటి, దానితో పప్పో, ఉలవచారో. నూకలు తగ్గించి రాగిపిండి పెంచి చేసిన సంగటి అని గుర్తుంచుకోండి. ఇప్పుడు కొన్ని హోటళ్లలో పెడుతున్నది రాగి రంగు పూసిన అన్నం. మగ్గం మీద కూర్చునేవారికి అంత అక్కరలేదు. కొర్రల ఉప్మా ఒక కప్పు, అందులో సగానికి సగం కూరగాయలు చాలు.

ఉగ్గాని మానుకొమ్మని చెప్పి ఈ సీమలో ఏ వైద్యుడూ నెగ్గలేడు, నేనూ ప్రయత్నించను. బొరుగులు గాలి నింపిన బియ్యమే, రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతాయి. కాబట్టి బొరుగులు సగం చేయండి; పప్పుల పొడి రెండింతలు వేయండి; గుప్పెడు చెనిగ్గింజలు, ఉల్లిపాయలు, టమోటాలు కలపండి. పక్కన మిరపకాయ బజ్జీ మాత్రం పండుగనాటికి ఉంచండి.

ఇంత చెప్పిన తరువాత, చిరుధాన్యాల పేరిట సాగుతున్న వ్యాపారాన్ని కూడా వదలరాదు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన నాటి నుండి బిస్కట్లకూ, నూడుల్స్‌కూ ఆ పేరు అంటించి అమ్ముతున్నారు. కొర్రలు తింటే మధుమేహం మాయమవుతుందనీ, మాత్రలు మానవచ్చుననీ వీడియోలలో ప్రసంగించేవారు ప్రాణాలతో ఆడుకొంటున్నారు. మెత్తని రాగిపిండితో పల్చగా కాచి బెల్లం కలిపిన జావ తాగి, ‘రాగులే కదా సార్, చక్కెర ఎందుకు తగ్గలేదు’ అని అడిగేవారికి నా జవాబు ఒకటే: పిండి ఎంత మెత్తనైతే, జావ ఎంత పలుచనైతే అంత వేగంగా చక్కెర అవుతుంది. పాత రోజులన్నీ స్వర్ణయుగమూ కాదు. దక్కను పీఠభూమిలో జొన్న తప్ప మరొకటి దొరకని పేదలకు పెల్లాగ్రా వచ్చేదని, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ శ్రీకాంతియా 1960లోనే వివరించారు. ఏ ధాన్యమైనా ఒంటరిగా చాలదు. పప్పూ, ఆకుకూరా, మజ్జిగా తోడుండాలి. మూత్రపిండాల జబ్బు ముదిరినవారు పప్పుధాన్యాలు పెంచే ముందు తమ వైద్యుని అడిగి తీరాలి.

గింజలు ఎక్కడ దొరుకుతాయని అడిగేవారికి: మన పొరుగున చెన్నేకొత్తపల్లి దగ్గర 1990 నుండి పనిచేస్తున్న టింబక్టు కలెక్టివ్, దాని ధరణి సహకార సంఘం ద్వారా రైతులు పండించిన చిరుధాన్యాలు అందుబాటులోకి వచ్చాయి. సంతలోనూ దొరుకుతాయి. తెల్లగా మెరిసేదాకా పాలిష్ పట్టినవి కొనకండి. పీచు పోయిన కొర్రకూ బియ్యానికీ పెద్ద తేడా ఉండదు.

గ్లూకోమీటరు ఇంట్లో ఉన్నవారు ఒక పని చేయండి. ఒక వారం మీకు నచ్చిన ఫలహారం తిని, మొదటి ముద్ద నుండి సరిగ్గా రెండు గంటలకు పరీక్షించి అంకె రాసిపెట్టుకోండి. మరునాడు పదార్థమో, పాలో మార్చి చూడండి. చాలామంది మధుమేహ రోగులకు ఆ అంకె 180కి లోపు ఉండాలి. ఏమి తిన్నారో, ఎంత తిన్నారో, అంకె ఎంత వచ్చిందో రాసిన ఆ చీటీని ఈసారి వైద్యుని దగ్గరకు పోయినప్పుడు బల్ల మీద పెట్టండి, ఆయన అచ్చు కాగితం తీయకముందే.