బండి బాబాది, ఫోను మామాది, ముఖాలఫా మాత్రం మనది: కువైట్ కొత్త ట్రాఫిక్ చట్టం, మన ఇంటి డ్రైవర్లు

మధ్యాహ్నం ఒంటిగంట. స్కూళ్లు వదిలే వేళ. నాలుగో రింగు రోడ్డు మీద బండ్లు కదలీ కదలనట్టు కదులుతున్నాయి. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు. ఇంతలో ఫోను మోగింది. ఇంటి నుంచి మామా. ఎత్తకపోతే ఇంటికెళ్లాక తిట్లు. ఎత్తితే 75 దినార్లు. కువైట్‌లో ఇంటి డ్రైవరుగా బతుకుతున్న మన కడప, రాజంపేట, రాయచోటి వాళ్లకు రోజూ ఈ రెండింటి మధ్యే గడుస్తోంది.

1976 నాటి ట్రాఫిక్ చట్టాన్ని సవరిస్తూ కువైట్ ప్రభుత్వం తెచ్చిన 2025 నాటి 5వ నంబరు డిక్రీ ఆ ఏడాది ఏప్రిల్ 22 నుంచి అమల్లో ఉంది. జరిమానాలు పెరిగాయన్న సంగతి మాలియా పార్కు దగ్గర శుక్రవారం కూర్చునే ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలియనిది వేరే ఉంది. ఆ ముఖాలఫా ఎవరి పేరు మీద పడుతుంది? మనకు ఎప్పుడు తెలుస్తుంది? కట్టకుండా వదిలేస్తే ఎక్కడిదాకా పోతుంది? మనవాళ్లను నిజంగా దెబ్బ తీస్తున్నవి ఈ మూడు ప్రశ్నలే. అందుకే వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

నెల జీతం పక్కన పెట్టి చూస్తే

పాత చట్టంలో బండి నడుపుతూ ఫోను పట్టుకుంటే 5 దినార్లు. ఇప్పుడు 75. అంటే పదిహేను రెట్లు. సీటు బెల్టు పెట్టుకోకపోతే 10 నుంచి 30 అయింది. రెడ్ సిగ్నల్ దాటితే 50 నుంచి 150. వికలాంగులకు కేటాయించిన చోట బండి ఆపితే 10 ఉండేది, అదీ 150కి చేరింది. స్పీడు దాటితే ఎంత దాటామన్న దాన్ని బట్టి 70 నుంచి 150 వరకు పడుతుంది.

మన ఇంటి డ్రైవర్లలో చాలామంది జీతం నూరు, నూట ఇరవై దినార్ల దగ్గరే ఉంది. దినారుకు 280 రూపాయలు వేసుకున్నా ఒక్క ఫోను ముఖాలఫా 21 వేల రూపాయలు. ఊళ్లో పిల్లల ఫీజు, వీసాకు తెచ్చిన అప్పు మీద వడ్డీ, ముసలివాళ్ల మందులు ఆ డబ్బులోంచే వెళ్లాలి. రెడ్ సిగ్నల్ దాటాడంటే ఆ నెల ఊరికి ఒక్క రూపాయీ పోదు, పైగా చేబదులు తెచ్చుకోవాలి.

చట్టం ఉద్దేశాన్ని తప్పు పట్టడానికి లేదు. ఫోను చూస్తూ నడిపేవాడి వల్ల పోయే ప్రాణాల్లో రోడ్డు పక్కన నడిచి వెళ్లే మన కూలీల ప్రాణాలూ ఉంటాయి. కానీ ఒక విషయం ఒప్పుకోవాలి. సొంత బండిలో వెళ్లే ఉద్యోగి ఫోను ఎత్తాలా వద్దా అన్నది తనే తేల్చుకుంటాడు. ఇంటి డ్రైవరుకు ఆ వీలు లేదు. బండి బాబాది, టైము మామాది, ఫోను ఎత్తకపోతే తప్పు మనది. చట్టం కళ్లకు మాత్రం ఇద్దరూ ఒకటే.

సుల్హ్ కట్టడమా, కోర్టుకు పోవడమా

పైన చెప్పిన అంకెలన్నీ సుల్హ్ మొత్తాలు. అంటే కోర్టుకు వెళ్లకుండా మురూర్‌తో రాజీ చేసుకుని కట్టే సొమ్ము. అది కట్టేస్తే ఆ తప్పు అక్కడితో ముగుస్తుంది. రాజీకి రాకపోతే విషయం కోర్టుకు పోతుంది. అక్కడ లెక్క మారిపోతుంది. రెడ్ సిగ్నల్ కేసులో సుల్హ్ 150 అయితే, కోర్టులో 600 నుంచి 1000 దినార్ల దాకా జరిమానా, మూడేళ్ల వరకు జైలు, లేదా రెండూ వేసే అధికారం జడ్జికి ఉంది. ఫోను, సీటు బెల్టు కేసుల్లోనూ కోర్టు జరిమానా సుల్హ్ కంటే ఎక్కువే.

"నేను చేయని తప్పుకు నేనెందుకు కట్టాలి, కోర్టులోనే తేల్చుకుంటా" అనే అన్నలు ఉన్నారు. వాళ్ల పౌరుషం అర్థం చేసుకోదగిందే. అయితే చేతిలో రుజువు ఉంటేనే ఆ దారి పట్టాలి. ఆ సమయానికి బండి వేరేవాళ్లు నడిపారని చూపగలరా? నంబరు ప్లేటు తప్పుగా చదివారని ఫోటోలో కనిపిస్తోందా? అలాంటిది ఏదైనా ఉంటే ముందు మురూర్ ఆఫీసులోనే అభ్యంతరం చెప్పాలి. రుజువు ఏమీ లేకుండా కోపంతో కోర్టుకు పోతే 150తో పోయేది 600కు చేరుతుంది.

కొన్ని తప్పులకు సుల్హ్ దారి ఉండదు. తాగి నడిపితే నేరుగా కేసే. ఏడాది నుంచి రెండేళ్ల జైలు, 1000 నుంచి 3000 దినార్ల జరిమానా, లేదా ఈ రెండింట్లో ఒకటి. గాయాలో, ప్రాణనష్టమో జరిగితే శిక్ష ఇంకా పెరుగుతుంది. ఇలాంటి కేసుల్లో "బాబా చూసుకుంటాడులే" అని కూర్చోవద్దు. మొదటి రోజే వకీలు మాట ఎత్తాలి.

కెమెరా చూసేది నంబరు ప్లేటునే

పోలీసు ఆపి రాసిన ముఖాలఫా డ్రైవరు పేరు మీద పడుతుంది. అది మనకు అప్పుడే తెలుస్తుంది. కెమెరా పట్టింది మాత్రం ముందు బండి నంబరుకే చేరుతుంది. బండి ఎవరి పేరున ఉంటే వాళ్ల ఫోనుకే కబురు వెళ్తుంది. బాబా దాన్ని చూసే సరికి వారం కావచ్చు, మూడు నెలలు కావచ్చు. ఆనాడు ఏ రోడ్డు మీద ఉన్నామో, స్టీరింగు మన చేతిలో ఉందో ఇంట్లో పెద్దబ్బాయి చేతిలో ఉందో మనకే గుర్తుండదు. నెలాఖరున జీతంలో కోత పడ్డాక గానీ సంగతి బయటపడదు.

దీనికి మందు ఒక్కటే. లెక్క రాసుకోవడం. జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. రోజూ బండి ఎన్నింటికి తీశారు, ఎక్కడికి వెళ్లారు, తాళం ఎన్నింటికి తిరిగి ఇచ్చారు, మీరు లేనప్పుడు ఎవరు నడిపారు అన్నది తెలుగులోనే రాయండి. రోజుకు రెండు నిమిషాల పని. మూడు నెలల తర్వాత బాబా ముఖాలఫా చూపించినప్పుడు తేదీ, టైము అడిగి పుస్తకం తీయండి. గొడవ పడక్కర్లేదు. "బాబా, ఆ రోజు శుక్రవారం, నేను సెలవులో ఉన్నాను" అని నిదానంగా చెప్తే వినే యజమానులు చాలామందే ఉన్నారు.

జీతం విషయంలో కూడా చట్టం కొంత అండగా ఉంది. 2015 నాటి 68వ నంబరు గృహ కార్మికుల చట్టం ప్రకారం జీతం నెలనెలా ఇవ్వాలి. ఆలస్యం చేస్తే నెలకు 10 దినార్ల చొప్పున అదనంగా కట్టాలి. పని రోజుకు 12 గంటలు దాటకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఉండాలి. ఇది ట్రాఫిక్ సంగతి కాదు కదా అనుకోవద్దు. తెల్లారి ఐదింటికి లేచి, అర్ధరాత్రి దివానియా నుంచి బాబాను తీసుకొచ్చే డ్రైవరుకు సిగ్నల్ దగ్గర రెప్ప వాలితే ఆ తప్పు వెనక ఎన్ని గంటల పని ఉందో కూడా చూడాలి.

చేతిలో లైసెన్సు ఉన్నా చెల్లని వేళ

ముఖాలఫా కంటే పెద్ద గండం లైసెన్సుది. లైసెన్సు లేకుండా నడుపుతూ దొరికిన విదేశీయులను కువైట్ హోంశాఖ ఎన్నో ఏళ్లుగా దేశం నుంచి పంపించేస్తోంది. దీనికి కోర్టు తీర్పు కూడా అక్కర్లేదు. శాఖ తన అధికారంతోనే పంపగలదు. వేలిముద్రలు తీసి పంపిస్తే మళ్లీ రావడం కుదరని పని.

"నాకు లైసెన్సు ఉంది కదా" అనుకునేవాళ్లే ఇక్కడ ఎక్కువగా దెబ్బతింటారు. కువైట్‌లో మామూలు విదేశీయుడికి లైసెన్సు కావాలంటే జీతం, చదువు, దేశంలో ఉన్న కాలం వంటి షరతులు ఉన్నాయి. 600 దినార్ల జీతం, డిగ్రీ అన్నవి మన కూలీలకు అందేవి కావు. ఇంటి డ్రైవరుకు ఆ షరతులు లేకుండా లైసెన్సు ఇచ్చేది అతని పని డ్రైవింగు కాబట్టి. ఆ హోదా పోతే లైసెన్సుకు ఆధారం పోయినట్టే.

2024 జూలై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు ఖాదిం వీసా నుంచి షూన్ వీసాకు మారే అవకాశం ఇచ్చారు. మనవాళ్లు చాలామంది సంతోషంగా మారారు. మారినవాళ్లు తప్పక చూసుకోవాల్సింది ఒకటుంది. కొత్త అకామాలో మీ పని ఏమని రాశారు? డ్రైవరు అని కాకుండా సేల్స్‌మన్ అనో, క్లీనింగ్ అనో ఉంటే పాత లైసెన్సు పట్టుకుని బండి ఎక్కవద్దు. కువైట్ మొబైల్ ఐడీ యాప్‌లో లైసెన్సు చెల్లుబాటు కనిపిస్తోందో లేదో చూడండి. అనుమానం ఉంటే మందూబ్ నోటిమాట నమ్మకుండా మురూర్‌లో అడిగి తెలుసుకోండి. ఇండియా లైసెన్సు, ఇంటర్నేషనల్ పర్మిట్ చూపించి తప్పించుకోవచ్చని ఏజెంట్లు చెప్తుంటారు. అకామా ఉన్నవాడికి అవి పనికిరావు.

ఇంకో మాట. సెలవు రోజున బాబా బండిలో ఊరివాళ్లను ఎయిర్‌పోర్టుకు దింపి రెండు మూడు దినార్లు తీసుకోవడం మనవాళ్లలో ఉన్న అలవాటే. పర్మిట్ లేకుండా కిరాయికి మనుషుల్ని ఎక్కించుకుంటే అక్కడ అది నేరం. దీని మీద కూడా జనాన్ని పంపించేశారు. రెండు దినార్ల కోసం రెండేళ్ల వీసా పోగొట్టుకోవద్దు.

యాక్సిడెంట్ అయిన రోజు

తప్పు ఎవరిదైనా చోటు వదిలి పోకూడదు. 112కు ఫోను చేయాలి. పారిపోతే చిన్న కేసు పెద్దదవుతుంది. బండ్లు ఉన్న తీరు, సిగ్నల్, ఎదుటి బండి నంబరు ఫోటోలు తీసుకోండి. మక్ఫర్‌లో మీ మాట రాసుకుంటారు. అక్కడే మనవాళ్లు ఎక్కువగా పొరపాటు చేస్తున్నారు. అరబీలో రాసిన కాగితం ముందు పెట్టి సంతకం అడిగితే, భయంతో పెట్టేస్తున్నారు. అందులో "తప్పు నాదే" అని ఉంటే తర్వాత ఏ వకీలూ దాన్ని తేలిగ్గా చెరపలేడు. "నాకు అరబీ చదవడం రాదు, అర్థమయ్యే భాషలో చెప్పండి" అని అడగడం మీ హక్కు. తెలుగు మనిషి దొరకకపోయినా హిందీ తెలిసినవాళ్లు దొరుకుతారు. సంతకం పెట్టిన ప్రతి కాగితం ఫోటో అడగండి. కేసు నంబరు, తర్వాత రావాల్సిన తేదీ రాసుకోండి. వాయిదాకు వెళ్లకపోతే మీరు లేకుండానే తీర్పు వస్తుంది. అప్పీలుకు ఇచ్చే గడువు కొద్ది రోజులే.

ఎదుటివాళ్ల నష్టాన్ని భరించడానికి బండికి ఇన్సూరెన్స్ ఉంటుంది. కానీ డ్రైవరుకు చెల్లే లైసెన్సు లేకపోయినా, తాగి ఉన్నా ఆ సొమ్మును కంపెనీ తిరిగి అడగవచ్చు. లైసెన్సు గురించి పైన అంతలా చెప్పింది అందుకే.

ఎయిర్‌పోర్టులో బయటపడే లెక్క

2023 ఆగస్టు 19 నుంచి విదేశీయులు ట్రాఫిక్ బాకీలు తీర్చకుండా కువైట్ దాటి వెళ్లడానికి లేదు. తండ్రి పోయాడని రాత్రికి రాత్రి టికెట్ తీసుకుని బయల్దేరిన మనిషికి కౌంటరు దగ్గర పాత ముఖాలఫా కనబడితే ఎలా ఉంటుందో ఊహించండి. జేబులో ఉన్నది దారి ఖర్చులకే. అందుకే సఫర్‌కు పోయేటప్పుడు కాదు, నెలనెలా సహేల్ యాప్‌లో గానీ, హోంశాఖ వెబ్‌సైట్‌లో గానీ మీ బతాకా నంబరు కొట్టి చూసుకోండి. కేసు కోర్టులో ఉంటే అది వేరు. ప్రయాణ నిషేధం ఉందేమో ముందే తెలుసుకోవాలి.

అడగాల్సిన వాళ్లను అడగాలి

ఇరుక్కున్న మనిషి మొదట పోవాల్సింది ఇండియన్ ఎంబసీకి. ఎంబసీ దగ్గర ఉన్న భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి అర్హులకు మొదటి దశ న్యాయసాయం, జైల్లో ఉన్నవాళ్లకు చిన్న జరిమానాలు కట్టే వీలు 2017 మార్గదర్శకాల్లోనే ఉంది. ఊళ్లో ఉన్న కుటుంబం మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. ఆంధ్ర వాళ్లు ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీని, తెలంగాణ వాళ్లు హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణిని కలవవచ్చు.

ప్రభుత్వాలు చేయాల్సింది కూడా ఉంది. గృహ కార్మికుల మీద భారత్, కువైట్ 2021 జూన్‌లో ఒప్పందం చేసుకున్నాయి. డ్రైవరు కాంట్రాక్టులో ఒక్క వాక్యం చేర్చాలని ఆ ఒప్పందం కింద అడగవచ్చు: యజమాని ఫోను వల్ల, యజమాని చెప్పిన చోట బండి ఆపడం వల్ల పడిన ముఖాలఫా డ్రైవరు జీతంలోంచి కోయరాదు. విమానం ఎక్కే ముందు ఇచ్చే శిక్షణలో ఈ చట్టాన్ని తెలుగులో ఒక పూట చెప్పినా ఎన్నో ఇళ్లు నిలబడతాయి.

అంతవరకు మన చేతిలో ఉన్నది మనం చేసుకుందాం. పనిలో చేరిన మొదటి వారమే బాబాతో, మామాతో ఒక మాట చెప్పుకోండి. "బండి నడిపేటప్పుడు ఫోను ఎత్తను. ఆపగానే నేనే చేస్తాను." 75 దినార్లు పడుతుందని వాళ్లకూ తెలుసు, వెనక కూర్చునేది వాళ్ల పిల్లలే.

ఊళ్లో ఉన్న అక్కలకు, అమ్మలకు కూడా ఒక మాట. మన గడియారం కువైట్ కంటే రెండున్నర గంటలు ముందు. మీకు మధ్యాహ్నం మూడున్నర అయితే అక్కడ ఒంటిగంట, ఆయన స్కూలు దగ్గర స్టీరింగు పట్టుకుని ఉంటాడు. ఆ వేళ వీడియో కాల్ చేయకండి. ఎత్తలేదని అలగకండి. ఆయన ఎత్తకపోతే క్షేమంగా బండి నడుపుతున్నాడనే అనుకోండి.